నీళ్ల వెస్ట్ కొనేముందు ఒకసారి వంగి చూడండి

కొరాపుట్, దేవమాలి వైపు కొండదారుల్లో సైకిల్ తొక్కే మనవాళ్లకు ఒక మాట. హైడ్రేషన్ వెస్ట్ అంటే వీపు వైపు నీళ్ల సంచి, తాగడానికి గొట్టం ఉండే చేతుల్లేని జాకెట్. దాన్ని ఖాళీగా వేసుకుని అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు. లోపలి సంచిలో లీటరున్నర నీళ్లు పోయించండి, అంటే వీపు మీద కిలోన్నర బరువు. హెల్మెట్ కూడా పెట్టుకుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి తల ఎత్తండి. హెల్మెట్ వెనక అంచు వెస్ట్‌కి తగులుతోందా? అయితే ఎంత చవగ్గా వచ్చినా వద్దు. దిగుడులో తల ఎత్తలేకపోతే ముందున్న రాయి కనబడదు. ఛాతీ దగ్గర రెండు పట్టీలు ఉన్నదే తీసుకోండి. గెంతినా వెస్ట్ మెడ మీదకి ఎగరకూడదు, గట్టిగా ఊపిరి పీల్చినా బిగుసుకోకూడదు.

ఇంకో సంగతి. తొక్కుతుంటే వీపు మీద నీళ్లు గుడగుడమంటున్నాయంటే సంచిలో గాలి ఉన్నట్టే. మూత బిగించి, సంచిని తలకిందులుగా పట్టుకుని, గొట్టంతో ఆ గాలంతా పీల్చేయండి. నీళ్లు పెదవికి తగిలేదాకా పీల్చాలి. చప్పుడు పోతుంది, బరువు కూడా అటూ ఇటూ ఊగదు.

సంచి మూతి మాత్రం చెయ్యి పట్టేంత వెడల్పు ఉండాలి. ఓఆర్ఎస్ కలిపిన రోజు కడగకుండా వదిలేస్తే లోపల బూజు పట్టేస్తుంది.