ఆబర్న్ ఎవెన్యూ పెద్దావిడ చెప్పే ఇరుగుపొరుగు ముచ్చట్లు: రికార్డు చేయడం ఎలా?

అట్లాంటా ఆబర్న్ ఎవెన్యూలో 501 నంబరు ఇల్లు ఎవరిదో అందరికీ తెలుసు: 1929లో మార్టిన్ లూథర్ కింగ్ పుట్టింది అక్కడే. దానికి అటూ ఇటూ ఎవరుండేవారో చెప్పగల పెద్దవాళ్లే తగ్గిపోతున్నారు. వాళ్ల ముచ్చట్లు రికార్డు చేసి దాచడం ఆ ఊళ్లో ఉన్న మన తెలుగువాళ్లు పూనుకున్నా చేయదగ్గ పని.

"మీ పొరుగువాళ్ల గురించి చెప్పండి" అని అడగొద్దు. "అందరూ మంచివాళ్లే" అని ఆగిపోతారు. పెద్ద కాగితం మీద వీధి గీసి, ఒక వైపు సరి నంబర్లు, మరో వైపు బేసి నంబర్లు వేసి ముందు పెట్టండి. "మీ వసారాలో కూర్చుంటే ఎదురుగా ఎవరు కనిపించేవారు?" అని మొదలుపెట్టి, ఒక్కో గడపా దాటుతూ వెళ్లండి.

సంతకం చేయించుకోవాల్సిన అనుమతి పత్రం ముందే చదివి వినిపించండి. రికార్డరు నోటికి జానెడు దూరంలో ఉండాలి. రికార్డరు సెట్టింగుల్లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ (WAV, నాణ్యత తగ్గని ఆడియో) ఫైలు పెట్టుకోండి. వంటింట్లో కూర్చోవద్దు, ఫ్రిజ్ రొద మాటల కింద పడి మళ్లీ పోదు. గంటన్నర దాటితే ఆవిడ అలసిపోతారు.

సంవత్సరం అడిగితే తరచూ తప్పొస్తుంది. "హైవే వీధిని చీల్చకముందా, తర్వాతా?", "1968లో కింగ్ అంత్యక్రియల నాటికి ఆ ఇంట్లో ఎవరున్నారు?" అంటే సరిగ్గా చెబుతారు.

అసలు చిక్కు పేర్లతో. అక్కడ పెద్దవాళ్లను "మిస్" చేర్చి సొంత పేరుతో పిలుస్తారు, ఇంటిపేరు గుర్తుండదు. మన వీధిలో "సీతమ్మ పిన్ని" ఇంటిపేరు ఎందరికి తెలుసు? పాత సిటీ డైరెక్టరీలో (ఊళ్లో ఏ ఇంట్లో ఎవరుండేవారో అచ్చేసిన పుస్తకం) పెళ్లయిన పొరుగావిడ పేరు ఆమె భర్త పేరు పక్కన బ్రాకెట్లో ఉంటుంది. కాబట్టి పేరుతో కాకుండా, వీధుల వారీ పట్టికలో ఇంటి నంబరుతో వెతకండి. అద్దె గదుల్లో ఉన్నవాళ్లు డైరెక్టరీలో దొరక్కపోతే, 2022లో బయటికొచ్చిన 1950 జనాభా లెక్కల పత్రాలు చూడండి. ఇంటి వరసలోనే రాశారు కనుక పక్కింటివాళ్లు పక్క వరసల్లోనే తగులుతారు.

పత్రాలకూ ఆవిడ మాటకూ పొసగకపోతే ఆవిడను దిద్దకండి. డైరెక్టరీ వివరాలు కొన్ని నెలల ముందే సేకరించినవి, ఈలోగా ఇల్లు మారి ఉండొచ్చు. రెండూ రాయండి. రాతప్రతి ఆవిడకు చదివి వినిపించి, తీసేయమన్నది తీసేశాకే ప్రతులు కుటుంబానికీ, ఆవిడ ఒప్పుకుంటే లైబ్రరీకీ ఇవ్వండి.