ర్యామ్ కొనే ముందు, బిగించే ముందు: వేగం అంకెల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

పాత కంప్యూటర్ నెమ్మదించినప్పుడు చాలామందికి ముందుగా తట్టే ఉపాయం ర్యామ్ పెంచడం. ఉపాయం మంచిదే, 4 జీబీతో నడుస్తున్న యంత్రానికి 8 జీబీ గానీ 16 జీబీ గానీ వేస్తే తేడా ఆ రోజే తెలుస్తుంది. చిక్కంతా కొనే దగ్గర మొదలవుతుంది. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా, ఆన్‌లైన్‌లో వెతికినా, ‘ఎంత బస్ కావాలి?’ (ఎంత వేగం అని అర్థం) అన్న ప్రశ్న ఎదురవుతుంది, వెంటనే 2400, 2666, 3200, 25600, సీఎల్22 వంటి అంకెలు వరుసకడతాయి. వీటిలో పెద్ద అంకె ఉన్నదే మేలైన సరుకు అనుకుంటే డబ్బు వృథా కావచ్చు, ఒక్కోసారి ల్యాప్‌టాప్‌కే ముప్పు రావచ్చు.

కాబట్టి మొదట తేల్చుకోవలసింది, కంటి ముందున్న అంకె దేనిని కొలుస్తున్నదన్న విషయం. డీడీఆర్4-3200 అన్న ర్యామ్‌లో (డీడీఆర్ పక్కన ఉన్న 4 ర్యామ్ తరాన్ని చెబుతుంది) గడియార సంకేతం వేగం 1600 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఆ సంకేతం పైకి లేచినప్పుడు ఒకసారి, కిందికి దిగినప్పుడు ఒకసారి డేటా బదిలీ అవుతుంది కనుక సెకనుకు 3200 మిలియన్ బదిలీలు జరుగుతాయి. అంటే 3200 అన్నది మెగాహెర్ట్జ్ కాదు, సెకనుకు మెగాట్రాన్స్‌ఫర్లు. దుకాణాల్లోనూ, చాలా పెట్టెల మీదా మెగాహెర్ట్జ్ అనే వాడుతున్నారు, అలా అన్నంత మాత్రాన నష్టమేమీ లేదు. కాకపోతే ర్యామ్ బిగించాక సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాంలో చూసుకుంటే 1596 అని కనిపిస్తుంది, సగం వేగం సరుకు అంటగట్టారన్న అనుమానం కలుగుతుంది. దుకాణదారుతో తగవుకు వెళ్లే ముందు ఆ అంకెను రెండుతో గుణించి చూడాలి. విండోస్ టాస్క్ మేనేజర్ మాత్రం 3200 అనే నేరుగా చూపుతుంది.

ఇక 25600 సంగతి. ఒక ర్యామ్ స్టిక్‌కు, ప్రాసెసర్‌కు మధ్య ఉన్న డేటా బస్ (డేటా నడిచే దారి) వెడల్పు 64 బిట్లు, అంటే 8 బైట్లు. 3200ను 8తో గుణిస్తే సెకనుకు 25600 మెగాబైట్లు వస్తుంది. పీసీ4-25600 అన్నా, డీడీఆర్4-3200 అన్నా ఒకటే సరుకు. అదే లెక్కన పీసీ3-12800 అంటే డీడీఆర్3-1600. ఈ లెక్క తెలియనివారు 3200 కంటే 12800 పెద్దది కదా అని పొరబడితే, సగం వేగమున్న పాత తరం ర్యామ్ ఇంటికి వస్తుంది. స్టిక్ మీది లేబుల్ మరో తికమక పెడుతుంది. ఒకదాని మీద పీసీ4-25600 అని, ఇంకొకదాని మీద పీసీ4-3200ఏఏ అని ఉంటుంది. రెండోదానిలో ఉన్నది బదిలీల సంఖ్య, ‘ఏఏ’ అన్న అక్షరాలు 22-22-22 టైమింగులకు (ర్యామ్ ఒక్కో పనికి తీసుకునే ఆలస్యాలకు) గుర్తు. డీడీఆర్4లో 17000, 19200, 21300, 25600 వంటి అయిదంకెల సంఖ్య కనిపిస్తే అది మెగాబైట్లలో చెప్పిన సామర్థ్యమనీ, 2133, 2400, 2666, 3200 వంటి నాలుగంకెల సంఖ్య కనిపిస్తే బదిలీల వేగమనీ గుర్తుపెట్టుకుంటే చాలు. పెంటియం 4 కాలం నాటి ఫ్రంట్ సైడ్ బస్‌తో (ప్రాసెసర్‌ను బోర్డుకు కలిపే దారితో) ర్యామ్ వేగాన్ని జత కలపమని చెప్పే పాత సలహాలను పట్టించుకోనక్కరలేదు, నేటి ప్రాసెసర్లలో ర్యామ్‌ను నడిపించే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది.

లేబుల్ మీది వేగం ఆ స్టిక్ అందుకోగల హద్దు మాత్రమే, మీ యంత్రంలో అంత వేగం వస్తుందన్న హామీ కాదు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, అప్పటికే ఉన్న స్టిక్, కొత్త స్టిక్, ఈ నాలుగింటిలో ఏది తక్కువ వేగానిదైతే మొత్తం ఆ వేగానికే నడుస్తుంది. ఇంటెల్ కోర్ ఐ5-8250యూ ఉన్న ల్యాప్‌టాప్‌లో 3200 ర్యామ్ వేస్తే అది 2400 దగ్గరే ఆగుతుంది. హాని లేదు గానీ, దానికోసం అదనంగా చెల్లించడంలో అర్థం లేదు. డెస్క్‌టాప్‌లో హెచ్410 గానీ బీ460 గానీ బోర్డు మీద ఐ5-10400 ఉంటే హద్దు 2666. స్టిక్‌ల సంఖ్య పెరిగినా వేగం తగ్గవచ్చన్నది చాలామంది ఊహించని విషయం: ఏఎమ్‌డీ రైజెన్ 7000 వరుసకు తయారీదారు ఇచ్చిన అధికారిక హద్దు రెండు డీడీఆర్5 స్టిక్‌లతో 5200 కాగా, నాలుగు పెడితే 3600 మాత్రమే. అందుకే కొనే ముందు ప్రాసెసర్ వివరాల పేజీని, మదర్‌బోర్డు తయారీదారు ఇచ్చే పరీక్షించిన ర్యామ్‌ల జాబితాను చూడడం తప్పనిసరి. స్లాట్లు ఎన్ని ఉన్నాయో, ఎన్ని నిండాయో టాస్క్ మేనేజర్‌లోనే తెలుస్తుంది. పలుచటి ల్యాప్‌టాప్‌లలో ఎల్‌పీడీడీఆర్ (తక్కువ విద్యుత్తు వాడే ర్యామ్) చిప్‌లను బోర్డుకే సోల్డర్ చేసి ఉంచుతారు, అలాంటివాటికి ర్యామ్ పెంచే దారి లేదు.

వేగం విషయంలో పొరపాటు జరిగితే పోయేది డబ్బు, వోల్టేజి విషయంలో జరిగితే పోయేది సామగ్రి. వేరు వేరు తరాల స్టిక్‌లకు గాడి (పిన్నుల వరుసలో ఉండే కోత) వేరు వేరు చోట్ల ఉంటుంది. డెస్క్‌టాప్ డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే ఉన్నా, ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. దిగకపోతే బలం ఉపయోగించకూడదు. అసలు మోసపుచ్చేది డీడీఆర్3, డీడీఆర్3ఎల్ జంట. ల్యాప్‌టాప్‌లో రెండూ 204 పిన్నులవే, గాడి కూడా ఒకచోటే. కానీ మొదటిది 1.5 వోల్టులది, రెండోది 1.35 వోల్టులది. 3ఎల్ మాత్రమే తీసుకునే ల్యాప్‌టాప్‌లో 1.5 వోల్టుల స్టిక్ పెడితే సాధారణంగా యంత్రం లేవదు, ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్లకైతే ఆ వోల్టేజి హానికరం కావచ్చు. లేబుల్ మీద పీసీ3 పక్కన ‘ఎల్’ ఉందో లేదో కళ్లారా చూడనిదే పాత ర్యామ్ కొనవద్దు.

సీఎల్ అంకె (అడిగిన డేటా ఇవ్వడం మొదలుపెట్టేలోపు గడిచే గడియార చుట్ల సంఖ్య) గురించి దుకాణాల్లో ఎక్కువ హడావుడి కనిపిస్తుంది. సీఎల్‌ను 2000తో గుణించి వేగంతో భాగిస్తే ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది: 3200 సీఎల్16కు 10, 3200 సీఎల్22కు 13.75, డీడీఆర్5-6000 సీఎల్30కు మళ్లీ 10. సీఎల్ అంకె పెద్దదైనంత మాత్రాన నెమ్మది అని కాదన్నమాట. ఆఫీసు పనికీ పిల్లల చదువుకీ వాడే యంత్రానికి తక్కువ సీఎల్ కోసం డబ్బు పోయడం దండగ. దానికి బదులు ఒకే 16 జీబీ స్టిక్ కాకుండా రెండు 8 జీబీ స్టిక్‌లు వేస్తే రెండు చానళ్లు (ప్రాసెసర్‌కు డేటా వెళ్లే రెండు దారులు) ఒకేసారి పనిచేసి, 3200 వేగంలో సామర్థ్యం సెకనుకు 51200 మెగాబైట్ల వరకు చేరుతుంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివారికి ఇది బాగా అక్కరకు వస్తుంది. నాలుగు స్లాట్లున్న చాలా బోర్డుల్లో ఆ రెంటినీ ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి.

3600 అని రాసి ఉన్న డీడీఆర్4 స్టిక్ బిగించగానే 2133 గానీ 2666 గానీ చూపిస్తే కంగారుపడవద్దు. బయోస్‌లో (విండోస్ కంటే ముందే నడిచే బోర్డు ప్రోగ్రాంలో) ఎక్స్ఎంపీ అనే అమరికను, ఏఎమ్‌డీ డీడీఆర్5 బోర్డుల్లో ఎక్స్‌పోను ఎంచుకుంటేనే ఆ వేగం వస్తుంది. అయితే అది ఓవర్‌క్లాకింగే, అంటే నిర్ణీత హద్దును మించి నడిపించడమే. వోల్టేజి 1.2 నుంచి సాధారణంగా 1.35కు పెరుగుతుంది, ప్రాసెసర్ వారంటీ మీద ప్రభావం పడవచ్చు. ర్యామ్‌లో దొర్లే తప్పులు ప్రతిసారీ కంప్యూటర్‌ను ఆపవు, చప్పుడు లేకుండా ఫైళ్లను పాడుచేస్తాయి. అందుచేత ట్యాలీ లెక్కలున్న యంత్రంలో ఆ అమరిక జోలికి వెళ్లకపోవడమే మేలు. వెళ్లదలచినవారు ముందే డేటా బ్యాకప్ తీసుకుని, బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) రికవరీ కీని వేరేచోట రాసి ఉంచుకోవాలి, బయోస్ మార్పుల తరువాత విండోస్ దానిని అడిగే అవకాశం ఉంది. బయోస్ అప్‌డేట్ చేయవలసి వస్తే యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకూడదు, మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు.

బిగించేటప్పుడు స్లీప్ కాకుండా పూర్తిగా షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ల్యాప్‌టాప్‌లో ఆ బటన్ నొక్కే ముందే బ్యాటరీ కనెక్టర్‌నూ ఊడదీయాలి. రంగు వేయని లోహభాగాన్ని తాకి ఒంటి మీది స్థిర విద్యుత్తును వదిలించుకుని, బంగారు పూత పిన్నులకు వేలు తగలకుండా స్టిక్‌ను అంచులతో పట్టుకోవాలి. ల్యాప్‌టాప్ స్టిక్‌ను ఏటవాలుగా దింపి, కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమని పడాలి. డీడీఆర్5 అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు టైమింగులు సరిచూసుకుంటూ కొన్ని నిమిషాల పాటు తెర నల్లగానే ఉండవచ్చు, ఆ సమయంలో కరెంటు తీసేయరాదు. ఎంతకీ రాకపోతే ఒక్క స్టిక్‌తో ప్రయత్నించి, అప్పటికీ లేవకపోతే సీమాస్ (బయోస్ అమరికలు దాచుకునే చోటు) క్లియర్ చేయాలి. తెర వెలిగాక రాత్రంతా మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రాంను నడిపించి, ఒక్క తప్పు కనిపించినా స్టిక్‌ను తిరిగి ఇచ్చేయాలి. ఆ పరీక్ష ముగిసేదాకా బిల్లును, పెట్టెను, పాత స్టిక్‌ను పారేయవద్దు.