కొత్త బేరింగులు వేసినా వెనక చక్రం ఊగుతోందా?

బండి నలభై దాటగానే వెనక నుంచి గుర్రుమని శబ్దం వస్తుంది. మలుపు తిప్పితే వెనక భాగం కాస్త పక్కకి జరిగినట్టు ఉంటుంది. మా కోనసీమలో పాత వంద సీసీ బళ్ళకి ఇది మామూలే. అటూ ఇటూ పాల క్యాన్లు కట్టుకునో, కొబ్బరికాయల బస్తా వేసుకునో రోజూ కాలవ గట్టు మీద తిరిగే బండికి బేరింగులు అరగడంలో వింతేమీ లేదు. నాకు బాధ ఎక్కడంటే, వెనక ఊపు ఉందనగానే చక్రాన్ని పట్టుకుని చూడకుండా నేరుగా స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్ళిపోతున్నారు.

ముందు సెంటర్ స్టాండ్ వేసి యాక్సిల్ నట్టు బిగువుగా ఉందో లేదో చూడండి. నట్టు బిగిస్తే ఊపు పోయిన బళ్ళు నా చేతి మీదుగా చాలానే వెళ్ళాయి. తర్వాత ఒక చేత్తో టైరు పైభాగం పట్టుకుని అటూ ఇటూ ఊపుతూ, రెండో చేతి వేలిని బ్రేక్ ప్లేటుకీ హబ్బుకీ (చక్రం మధ్యలో బేరింగులు కూర్చునే భాగం) మధ్య సందు మీద పెట్టండి. వేలి కింద టకటకమని కదలిక తగిలితే బేరింగే. అక్కడ కదలిక లేకుండా చక్రంతో పాటు స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే ఇనుప చట్రం) కూడా కదులుతుంటే దాని బుష్షులు పోయాయి, బేరింగులు మార్చి లాభం లేదు. ముందు చక్రం దగ్గర ఇలాంటి అనుమానం వస్తే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, అదే కోన్ సెట్, చూడండి.

బేరింగే అని తేలాక, హబ్బులో ఉన్న రెండూ మార్చి సరిపెట్టకండి. చాలా వంద సీసీ బళ్ళలో చైన్ స్ప్రాకెట్ ఉండే డ్రమ్ములో మూడో బేరింగ్ ఒకటి ఉంటుంది. దాన్ని కూడా తిప్పి చూడండి.

ఇక అసలు సంగతి. కొత్త బేరింగులు వేసిన రెండు మూడు వారాలకే మళ్ళీ శబ్దం వస్తే, బేరింగ్ డూప్లికేట్ అని షాపు వాళ్ళని తిట్టుకునే ముందు డిస్టెన్స్ పీసు చూడండి. హబ్బు లోపల రెండు బేరింగుల మధ్య ఉండే ఇనుప గొట్టం అది. యాక్సిల్ నట్టు బిగించినప్పుడు ఆ బిగువంతా బేరింగుల లోపలి రింగుల మీదుగా ఈ గొట్టం మోస్తుంది. గొట్టం పొట్టిదైతే లోపలి రింగులు ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. బయటి రింగులు హబ్బులో కదలకుండా ఉంటాయి కాబట్టి గుండ్లు గాడి మధ్యలో నడవాల్సింది పోయి అంచుకి ఒరుసుకుంటాయి. వేడెక్కి, గ్రీజు కరిగిపోయి, ఎంత మంచి కంపెనీ బేరింగైనా పోతుంది.

ఒక పాల వ్యాపారి బండికి రెండు నెలల్లో మూడుసార్లు బేరింగులు మార్చాను. మొదటి రెండుసార్లు పాత గొట్టాన్నే తుడిచి పెట్టేశాను. చూడ్డానికి బాగానే ఉంది మరి. మూడోసారి అనుమానం వచ్చి కొత్తది తెచ్చి, అద్దం ముక్క మీద రెండూ పక్కపక్కన నిలబెట్టాను. పాతది మిల్లీమీటరున్నర పొట్టిగా ఉంది. బిగుసుకుపోయిన పాత బేరింగ్ రింగు దాని అంచు మీద తిరిగి తిరిగి తినేసింది. గోటితో గీరితే అంచున చిన్న మెట్టు తగిలింది. రెండో వైపు అంచు ఉలి దెబ్బలకి పువ్వులా విచ్చుకుంది. బేరింగ్ ఊడగొట్టేటప్పుడు గొట్టాన్ని పక్కకి నెట్టి ఉలితో కొడితే అలాగే అవుతుంది. కొత్త గొట్టం వేశాక ఆ బండి మళ్ళీ ఆ పని మీద నా దగ్గరికి రాలేదు.

దీన్ని పట్టుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. చైన్ తప్పించి, బ్రేక్ రాడ్ వదిలి చక్రం తిప్పండి. నట్టు వదులుగా ఉన్నప్పుడు హాయిగా తిరిగి, బిగించగానే బరువెక్కితే తప్పు ఆ గొట్టానిదే. అసలు గొట్టమే లేని బళ్ళు కూడా చూశాను, ఎవరో విప్పి పెట్టడం మర్చిపోయి ఉంటారు.

బిగించేటప్పుడు ఒక వైపు బేరింగ్‌ని అడుగంటా దింపి, గొట్టం పెట్టి, రెండోదాన్ని దాని లోపలి రింగు గొట్టానికి తగిలేవరకే దించండి. వేలు పెట్టి తోస్తే గొట్టం కొంచెం పట్టుగా పక్కకి జరగాలి, గలగలలాడకూడదు. దెబ్బ ఎప్పుడూ బయటి రింగు మీదే పడాలి, సరిపోయే సాకెట్‌గానీ పాత బేరింగ్‌గానీ అడ్డం పెట్టుకోండి. హబ్బు మీద మరిగే నీళ్ళు పోసి, బాగా తుడిచి దించితే సగం దెబ్బలు తగ్గుతాయి. కొనేటప్పుడు పాతదాని మీద నంబరు చూసుకోండి: 6301 అయితే లోపల 12, బయట 37, మందం 12 మిల్లీమీటర్లు. మా నేలకి రెండు వైపులా రబ్బరు సీలు ఉన్న 2ఆర్‌ఎస్ రకమే తీసుకోండి.

వరదల్లో కనకాయలంక కాజ్‌వే లాంటి చోట హబ్బు మునిగేలా బండి నడిపినా, రొయ్యల చెరువుల దగ్గర ఉప్పునీళ్ళు తగిలినా ఆ వారంలోనే చక్రం విప్పి చూడండి. సీలు అంచున గ్రీజు ఇటుక రంగులో కనిపిస్తే నీళ్ళు లోపలికి చేరినట్టే. వాటర్ సర్వీసింగ్‌లో గన్ను నేరుగా హబ్బు మీద పెట్టనివ్వకండి.

హబ్బులో బేరింగ్ చేత్తో పెడితేనే జారిపోతుంటే హబ్బులో అది కూర్చునే చోటు అరిగినట్టు. బిగువు కోసం అక్కడ డాట్ పంచ్‌తో గాట్లు పెట్టడం నాలుగు రోజుల ముచ్చట, లేతు షాపులో బుష్ వేయించండి, లేదా హబ్బు మార్చండి. యాక్సిల్ వంకరపోవడం, స్వింగ్ ఆర్మ్ చీలడం అరుదు, బండి ఎక్కడైనా పడి ఉంటేనే వాటి జోలికి వెళ్ళండి.

అంతా బిగించాక నట్టు పూర్తి బిగువులో ఉండగా చక్రాన్ని మరోసారి తిప్పి చూసి, అప్పుడే చైన్ ఎక్కించండి.