పెద్దవాళ్ల డ్రైవింగ్‌కి మళ్లీ పరీక్ష: ఇంట్లోవాళ్లే ఎలా చూడొచ్చు?

డెబ్బై దాటినవాళ్లకి లైసెన్సు కొనసాగించాలంటే మళ్లీ పరీక్ష పెట్టాలా అని అడిగితే, పెట్టాలనే అంటాను. డ్రైవింగ్ నేర్పడం నా పని. కొత్తగా నేర్చుకునేవాళ్లతో పాటు ఈమధ్య పెద్దవాళ్లూ వస్తున్నారు. "మా నాన్న ఎలా నడుపుతున్నారో పక్కన కూర్చుని ఒక్కసారి చూసి చెప్పండి మేడమ్" అని పిల్లలు వెంటబెట్టుకుని వస్తారు. అలా వచ్చినవాళ్లలో ఎనభై దాటినా నిక్షేపంగా నడిపేవాళ్లున్నారు, అరవై అయిదుకే స్టీరింగ్ వదిలేయాల్సినవాళ్లూ ఉన్నారు. అందుకే పుట్టినతేదీ చూసి లైసెన్సు లాక్కుంటామంటే ఒప్పుకోను. బండి నడిపించి చూడాలి, చూశాకే నిర్ణయం చెప్పాలి.

ఈ విషయంలో ఒక్కో దేశానిది ఒక్కో దారి. జపాన్‌లో 75 దాటినవాళ్లు రెన్యువల్‌కి ముందు జ్ఞాపకశక్తి పరీక్షకి కూర్చోవాలి. 16 బొమ్మలు చూపించి, కాసేపయ్యాక ఏమేం చూశారో రాయమంటారు. కొన్ని రకాల ట్రాఫిక్ ఉల్లంఘనలు చేసినవాళ్లకి 2022 నుంచి బండి నడిపించి చూడడం కూడా మొదలుపెట్టారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 75 నుంచి ఏటా డాక్టరు పరీక్ష ఉంటుంది. 85 దాటాక మామూలు లైసెన్సే కావాలంటే రెండేళ్లకోసారి రోడ్డు మీద నడిపి చూపించాలి. బ్రిటన్‌లో 70 నుంచి మూడేళ్లకోసారి రెన్యువల్, కానీ ఆరోగ్యం గురించి ఎవరికివారు రాసిస్తే చాలు. భారతదేశంలో 55 దాటినవాళ్లకి అయిదేళ్లకోసారి రెన్యువల్, దానికి డాక్టరు సంతకం చేసిన ఫారం 1ఏ జతచేయాలి. గడువు తీరి ఏడాది దాటకపోతే నడిపి చూపించమని అడగరు.

కాగితం మీద పెట్టే పరీక్ష ఒక్కటే సరిపోదని డెన్మార్క్ అనుభవం చెబుతోంది. అక్కడ 70 దాటినవాళ్లకి జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టిన తర్వాత లెక్కలు చూస్తే, పెద్దవాళ్లు నడిపే కార్ల వల్ల జరిగే ప్రాణాంతక ప్రమాదాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. కారు లేకుండా రోడ్డెక్కిన పెద్దవాళ్ల మరణాలు మాత్రం పెరిగాయి. కారు మాన్పించగానే మనిషి ఇంట్లో కూర్చోడు కదా, నడిచో సైకిల్ మీదో బయటికి వెళ్తాడు. ప్రభుత్వం పరీక్ష పెట్టేదాకా ఆగక్కర్లేదు, ఇంట్లోవాళ్లే ముందు చూసుకోవచ్చు. కానీ డెన్మార్క్‌లో జరిగింది చూశాక, మీరు ఇంట్లో చేసే పరీక్షకి రెండు భాగాలుండాలి. ఒకటి, ఎలా నడుపుతున్నారో చూడడం. రెండు, మాన్పించాల్సి వస్తే వాళ్ల రాకపోకలకి ఏర్పాటు చేయడం.

బండి ఎక్కకముందే కళ్ల సంగతి తేల్చుకోండి. పగటి వెలుతురులో 20 మీటర్ల దూరంలో ఆగి ఉన్న కారు నంబర్ ప్లేటు చదవమనండి. ఇది బ్రిటన్‌లో పెట్టుకున్న కొలత, ఎక్కడైనా పనికొస్తుంది. తర్వాత ఒక కన్ను మూసి చదవమనండి, ఆపైన రెండోది మూసి. శుక్లం ఒక కంట్లోనే ముదిరితే రెండో కన్ను దాన్ని కప్పిపుచ్చేస్తుంది, మనిషికి తెలియనే తెలియదు. నీటికాసులు (గ్లకోమా) అంతకన్నా ప్రమాదం. అది పక్కచూపుని మెల్లమెల్లగా తినేస్తుంది, నంబర్ ప్లేటు మాత్రం బాగానే కనిపిస్తుంది. దాన్ని ఇంట్లో పట్టుకోలేరు, కంటి డాక్టరు దగ్గర పక్కచూపు పరీక్ష చేయించాల్సిందే. రాత్రి సంగతి వేరు. అరవై ఏళ్ల కంటిలో రెటీనాకి చేరే వెలుతురు ఇరవై ఏళ్లప్పటితో పోలిస్తే దాదాపు మూడోవంతే. ఎదురు లైట్లు కొట్టాక చూపు కుదుటపడడానికీ ఎక్కువసేపు పడుతుంది.

మందుల పెట్టె తెచ్చి అన్నీ బల్ల మీద పెట్టండి. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు, మత్తు కలిగించే అలర్జీ మాత్రలు, ఇన్సులిన్. వీటిలో ఏవి ఉన్నా డ్రైవింగ్ గురించి డాక్టరుని అడగండి. మధుమేహం చాలాకాలంగా ఉంటే పాదాల్లో స్పర్శ ఎలా ఉందో కూడా చూపించండి. కాలికింద ఉన్నది బ్రేకో యాక్సిలరేటరో చెప్పాల్సింది ఆ స్పర్శే. ఇక బెల్టు పెట్టుకుని సీట్లో కూర్చున్నాక మెడ తిప్పి వెనక పక్క అద్దంలోంచి బయటికి చూడగలుగుతున్నారా, లేక నడుమంతా తిప్పాల్సి వస్తోందా చూడండి. దిగి కారు చుట్టూ ఒకసారి తిరగండి. బంపర్ మూలల్లో కొత్త గీతలు ఒకే వైపు ఎక్కువగా ఉంటే, ఆ వైపు చూపు తగ్గిందేమో కనుక్కోవాలి.

ఇక అసలు పరీక్ష. మాట ఇలా మొదలుపెట్టండి: "నాన్నా, ఆదివారం పొద్దున మనిద్దరం అలా వెళ్లొద్దాం, మీరే నడపండి. మీ డ్రైవింగ్ ఒకసారి చూడాలనుంది." దాచిపెట్టి చేయకండి, తర్వాత తెలిస్తే మీ మీద నమ్మకం పోతుంది. కనీసం ముప్పావు గంట నడిపించండి, అలసట మొదటి పది నిమిషాల్లో బయటపడదు. సగం దూరం తెలిసిన దారిలో, సగం తెలియని దారిలో ఉండాలి. మీరు పక్క సీట్లో, అమ్మ వెనక సీట్లో. అమ్మని నోరు మెదపొద్దని ముందే బతిమాలుకోండి. చాలా ఇళ్లలో కారు ఇద్దరు కలిసి నడుపుతుంటారు. "ఏమండీ, స్కూటర్ వస్తోంది", "ఇప్పుడు వెళ్లండి" అని ఆవిడ చెబుతుంటే ఆయన నడిపేస్తుంటారు. ఆ మాటలు లేనప్పుడు ఆయన ఒక్కరే ఎలా నడుపుతారో మీరు చూడాలి.

మీ దృష్టంతా ఎదురుగా వచ్చే బళ్ల వరుసని దాటుకుంటూ తిరగాల్సిన మలుపు మీద పెట్టండి. ఎడమవైపు నడిపే దేశాల్లో అది కుడి మలుపు, కుడివైపు నడిపేచోట ఎడమ మలుపు. పెద్దవాళ్ల ప్రమాదాల్లో కూడళ్ల దగ్గరివి ఎక్కువ, అందులోనూ ఈ మలుపు. ఎదుటి బండి వేగం అంచనా వేయడం, మధ్యలో రోడ్డు దాటే మనిషిని చూడడం, కాలు మార్చడం, చెయ్యి తిప్పడం అన్నీ రెండు మూడు క్షణాల్లో జరిగిపోవాలి. ఒక రిటైర్డ్ మాస్టారి పక్కన కూర్చుని ఇది చాలా దగ్గరగా చూశాను. మలుపు దగ్గర ఆగారు. నిదానంగా వెళ్లగలిగినంత ఖాళీ వచ్చింది, వెళ్లలేదు. ఇంకొకటి వచ్చింది, బొటనవేలు స్టీరింగ్ మీద కదిలింది కానీ బండి కదల్లేదు. అప్పుడు వెనకాయన హారన్ కొట్టాడు. మాస్టారు అద్దంలోకి చూసి, అంతవరకు వచ్చినవాటిలో అన్నిటికన్నా చిన్న ఖాళీలోకి బండి పోనిచ్చారు. నా కాలు నా వైపు బ్రేక్ మీదే ఉంది కాబట్టి సరిపోయింది. ఆగి ఆగి వెళ్లడం తప్పు కాదు. తన లెక్కని వదిలేసి వెనకవాడి హారన్ లెక్కన కదలడమే ప్రమాదం. మీ పరీక్షలో ఇది కనిపిస్తే తప్పకుండా రాసుకోండి.

ఇంకో గుర్తు చెబుతాను. దారిలో ఏదో ఒక కబురు చెబుతూ ఉండండి. కూడలి దగ్గరికి రాగానే వాళ్లు మాట ఆపేసి, దాటాక "ఆ, ఏమంటున్నావు?" అని అందుకుంటే సంతోషించండి. తన ధ్యాస ఎక్కడ పెట్టాలో ఆ మనిషికి తెలుసు. మాట్లాడుతూనే ఎర్రలైటు దాటేసి, దాటిన సంగతి కూడా గమనించకపోతే మాత్రం విషయం వేరు.

చూసిన సంగతి ఆ రోజే చెప్పండి, మీరిద్దరే ఉన్నప్పుడు. అల్లుళ్లని, కోడళ్లని పిలిచి పంచాయితీ పెట్టొద్దు. "నీకు వయసైపోయింది" అన్నారంటే మాట అక్కడితో తెగిపోతుంది. "ఆ మలుపు దగ్గర హారన్ వినగానే కదిలారు, నాకు భయమేసింది" అంటే ఆయన కూడా ఆ క్షణాన్ని గుర్తు చేసుకుంటారు. బాగుచేయగలిగినవి ముందు బాగుచేయించండి: శుక్లం ఆపరేషన్, అద్దాలు, సీటు ఎత్తు, మాత్ర వేసుకునే వేళ. ఆ మలుపు ఒక్కటే ఇబ్బందైతే అది లేకుండా వెళ్లే దారి కలిసి వెతకండి, కాస్త చుట్టు తిరిగినా పర్వాలేదు. పగలు మాత్రమే, తెలిసిన దారుల్లో మాత్రమే, వాన లేనప్పుడు మాత్రమే అని ఒప్పందం చేసుకుని, ఆరు నెలలకి మళ్లీ పక్కన కూర్చోండి.

కొన్ని కనిపిస్తే ఆరు నెలలు ఆగే ప్రసక్తి లేదు. బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కడం, రోజూ వెళ్లే దారిలో ఎటు వెళ్లాలో తెలియక ఆగిపోవడం, ఎదురు దిశలోకి ఎక్కేయడం. ఇందులో ఒక్కటి చూసినా ఆ రోజు నుంచే బండి ఆపించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ కబురు మీరు చెబితే వినకపోవచ్చు, డాక్టరు చేత చెప్పించండి.

తాళం చెవి అడగకముందు ఒక కాగితం తీసుకుని, ఆయన వారంలో ఎక్కడెక్కడికి వెళ్తారో ఆయన్నే చెప్పమని రాయండి. డాక్టరు, బ్యాంకు, స్నేహితుడి ఇల్లు, ఏ పనీ లేకుండా అలా తిరిగొచ్చేది కూడా. ప్రతిదాని పక్కనా ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎవరు తీసుకెళ్తారో రాయండి. "ఎప్పుడైనా పిలవండి, వస్తాను" అనేవాళ్ల పేరు చాలదు. మంగళవారం పది గంటలకి గుమ్మం ముందు బండి ఆపే మనిషి పేరు ఉండాలి. గడులన్నీ నిండాక తాళం చెవి అడగండి.