ఫోన్లో డాక్టరుకు చూపించుకోవాలంటే: ఉద్దానం ఇళ్లకు పనికొచ్చే పద్ధతి

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలోని కవిటి నుంచి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు రెండొందల కిలోమీటర్ల పైమాట. బస్సు ఛార్జీలు, తోడొచ్చినవాళ్ల కూలి లెక్కేసుకుంటే, పాత మందులే వాడమని చెప్పించుకోవడానికి అంత దూరం వెళ్లడం దండగ. టెలిమెడిసిన్, అంటే ఫోన్లో వైద్యం, సరిగ్గా ఇలాంటి పనికే. అయితే ఫోన్లో ఉన్న డాక్టరు నాడి పట్టలేరు, పొట్ట నొక్కి చూడలేరు. మీరు చెప్పే అంకెలు, చూపే కాగితాలే ఆయనకు ఆధారం. అందుకే కాల్ కొద్ది నిమిషాల్లో అయిపోయినా దానికి ముందు అరగంట పని ఉంటుంది.

దూరం నుంచి వైద్యం కరోనాతో పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి 1905లోనే నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఐంతోవెన్ అనే శాస్త్రవేత్త ఆసుపత్రిలో ఉన్న రోగి గుండె సంకేతాలను టెలిఫోన్ తీగ మీద కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు రప్పించి ఈసీజీ తీశాడు. మన దగ్గర 2000లో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్లు మొదలుపెట్టారు, మరుసటి ఏడాది ఇస్రో ఉపగ్రహాలతో ఆసుపత్రులను కలపడం ప్రారంభించింది. డాక్టరు ఫోన్లో ఏ మందు రాయొచ్చో, ఏది రాయకూడదో చెప్పే కేంద్ర మార్గదర్శకాలు వచ్చింది మాత్రం 2020 మార్చి 25న. ఇంటి నుంచే చూపించుకునే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ ఈ-సంజీవని ఓపీడీ ఆ ఏప్రిల్‌లో తెరిచారు.

వేటికి ఫోన్ పట్టుకుని కూర్చోకూడదో ముందు చెప్పుకోవాలి. ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, ఆయాసంతో మాట రాకపోవడం, జీడితోటలో పాము కరవడం: వీటికి 108 తప్ప వేరే దారి లేదు. డయాలసిస్ తప్పిపోయిన మనిషికి కండరాలు నీరసించినా, గుండె దడ వచ్చినా అంతే. ఒంట్లో పొటాషియం పెరిగి గుండె ఆగే ప్రమాదం ఉంటుంది, దాన్ని వీడియోలో కనిపెట్టలేరు.

చూపించుకునే దారులు రెండు. ఊళ్లో హెల్త్ క్లినిక్‌కు వెళ్తే అక్కడి సిబ్బందే బీపీ, షుగర్ చూసి తమ దగ్గరి నుంచి డాక్టరును కలుపుతారు. పెద్దవాళ్లకు, చదువు రానివాళ్లకు ఇదే మేలు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ వాడే పిల్లలు ఉంటే రెండో దారి: ఈ-సంజీవనిలో మొబైల్ నంబరు, ఓటీపీ ఇచ్చి, రోగి వివరాలు నింపి, రిపోర్టులు జతచేసి, వరుసలో వేచి ఉండడం. మనవడి ఫోన్లోంచి నాయనమ్మకు చూపిస్తూ తొందరలో మనవడి పేరు, వయసే నింపేస్తుంటారు. దానివల్ల మందుల చీటీ వేరే పేరుతో రావడం ఒక్కటే కాదు, కిడ్నీ లెక్కే తారుమారవుతుంది. క్రియాటినిన్, అంటే కిడ్నీ వడపోయాల్సిన రక్తంలోని వ్యర్థం, 1.8 ఉంటే 30 ఏళ్ల మగవాడి కిడ్నీ పనితీరు, అంటే ఈజీఎఫ్ఆర్, సుమారు 50 వస్తుంది. అదే 1.8 ఉన్న 65 ఏళ్ల ఆడమనిషికి 30 దగ్గర ఆగుతుంది. 30 కిందికి పోతే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపేయాలి. వయసు, ఆడా మగా అన్నది తప్పుగా నింపితే అంత తేడా.

బీపీ కొలతలో జరిగినన్ని పొరపాట్లు ఇంకెక్కడా జరగవు. పొలం నుంచి వచ్చీ రాగానే పట్టీ కడితే ఎక్కువే చూపిస్తుంది. టీ, చుట్ట, బీడీ అయ్యాక అరగంట ఆగాలి. ముందే మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి. పట్టీని చొక్కా మీద కాదు, చర్మం మీదే కట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ వస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో రక్తనాళాలు కలిపిన (ఫిస్టులా) చేతికి మాత్రం పట్టీ కట్టనే వద్దు. అది మూసుకుపోతే మళ్లీ ఆపరేషనే.

బరువు రోజూ పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, గచ్చు మీద పెట్టిన అదే మిషన్ మీద చూడాలి. కిడ్నీ రోగికి రెండు రోజుల్లో పెరిగిన కిలో కొవ్వు కాదు, నీరు. వాపు ఉంటే కాల్‌లో మోకాలి కింద ముందుపక్క ఎముక మీద బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కి, పడిన గుంటను కెమెరాకు చూపండి. "కొంచెం వాచింది" అని చెప్పడం కంటే అది వెయ్యి రెట్లు నయం. ఆక్సిజన్ చూసే పరికరానికి గోళ్ల రంగు, చల్లబడిన వేలు అడ్డం. వేలు వెచ్చబెట్టి, అంకె నిలకడగా ఆగాకే రాసుకోండి. పసిపిల్లల జలుబు, దగ్గుకైతే ఊపిరి లెక్క కావాలి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట ఎగసిపడడం నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, ఆ అంకె తాకినా దాటినా ఆసుపత్రికి కదలాల్సిందే.

కాగితాల్లో డాక్టరు వెతికేది ఒక్క రిపోర్టు కాదు, మార్పు. క్రియాటినిన్ ఆరు నెలలుగా కదలకపోతే ఒక వైద్యం, మూడు వారాల్లో రెట్టింపైతే మరో వైద్యం. అందుకే చివరి మూడు రిపోర్టులు తేదీల వరుసలో పెట్టండి. ఫొటో ఎండ వెలుగులో, కాగితం మడతలు సాపు చేసి, తేదీ, ల్యాబ్ పేరు కనబడేలా తీయాలి. చర్మ సమస్యకు ఒక ఫొటో దూరం నుంచి, ఒకటి దగ్గర్నుంచి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీస్తే మచ్చ పరిమాణం తెలుస్తుంది.

మందుల విషయంలో దాపరికం ప్రాణం మీదికి తెస్తుంది. నడుం నొప్పికి షాపులో అడిగి వేసుకున్న డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కిడ్నీని దెబ్బతీసేవే. "మాత్రలేవీ వాడటం లేదండీ" అనే చాలామంది దృష్టిలో ఇవి మాత్రలే కావు. నాటు మందు కూడా చెప్పాల్సిందే. పేరు నోరు తిరగకపోతే రేకు వెనకవైపు, మందు పేరు, మిల్లీగ్రాములు కనబడేలా కెమెరా ముందు పెట్టండి. మార్ఫిన్ లాంటి మత్తుమందులు ఫోన్లో రాయడానికి నిబంధనలు ఒప్పుకోవు, ఎంత బతిమాలినా లాభం లేదు. కొన్ని మందులు మొదటిసారి రాయాలంటే వీడియో తప్పనిసరి, అందుకే డాక్టరు కెమెరా తెరవమంటే విసుక్కోకండి. నిద్ర పట్టకపోవడం, దిగులు లాంటివాటికి 14416, టెలి మానస్ నంబరు, వేరేగా ఉంది.

కాల్ వచ్చేసరికి రోగి డాక్టరుకు కనబడేలా, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టండి. తలుపుకు వీపు పెడితే ముఖం నల్లగా నీడలా కనిపిస్తుంది. టీవీ ఆపండి. మొదట బాధ ఏంటో, ఎన్నాళ్ల నుంచో రెండు ముక్కల్లో చెప్పి, తర్వాత అంకెలు చెప్పండి. సిగ్నల్ ఊగిసలాడితే వీడియో ఆపి మాటతోనే కానివ్వమని అడగొచ్చు. మధ్యలో తెగిపోతే మళ్లీ మొదలుపెట్టే ముందు చీటీ వచ్చిందేమో చూడండి, వచ్చి ఉంటే దాంట్లో డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో సరిచూడండి. కొత్త మాత్ర పాతదానికి బదులా, అదనంగానా, ఎన్ని రోజులు, క్రియాటినిన్ మళ్లీ ఎప్పుడు చేయించాలి, ఈ మూడూ ఫోన్ పెట్టేయకముందే అడిగి కాగితం మీద రాసుకోండి.