పండగ నుంచి ఒంటరిగా సిటీకి తిరిగొచ్చే అమ్మాయిలకు జాగ్రత్తలు

సంక్రాంతి తిరుగు ప్రయాణాలు మొదలవుతున్నాయి. ఏది దొరికితే అది ఎక్కేసే రోజులివి. ఈ రోజుల్లో నాకు ప్రతి ఏడూ మచిలీపట్నం అమ్మాయి గుర్తొస్తుంది. క్రిస్మస్ సెలవులు ఇంటి దగ్గర గడిపి ముంబైలో ఉద్యోగానికి తిరిగి వెళ్తూ, 2014 జనవరి 5 తెల్లవారుజామున కుర్లా టెర్మినస్‌లో దిగింది. పదకొండు రోజుల తర్వాత హైవే పక్క పొదల్లో శవం దొరికింది. ఒకడు టాక్సీ ఉందని స్టేషన్ బయటికి తీసుకెళ్లి, తీరా బైక్ చూపించాడన్నది పోలీసుల కథనం. పట్టుబడినవాడికి కింది కోర్టు వేసిన ఉరిశిక్షను 2025 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది, సాక్ష్యాలు నిలబడలేదంది. అంటే చేసిందెవరో ఈరోజుకీ తేలలేదు.

జాగ్రత్తలు చెప్తే నేరం అమ్మాయిల మీదికి నెడుతున్నారంటారు. నేరం ముమ్మాటికీ చేసినవాడిదే. కానీ తెల్లవారుజాము మూడున్నరకి స్టేషన్ గేటు దగ్గర నిలబడ్డప్పుడు ఆ మాట మనల్ని గది దాకా చేర్చదు. నగలు వేసుకోవద్దు, ఫోన్ ఛార్జింగ్ చూసుకో లాంటివి మీ అమ్మ చెప్పే ఉంటుంది. అవి వదిలేస్తున్నా.

టికెట్ తీసేటప్పుడు

బయల్దేరే టైము కాదు, దిగే టైము చూడండి. సికింద్రాబాద్ స్టేషన్‌లో పనులు జరుగుతుండటంతో చాలా రైళ్లను చర్లపల్లికి మార్చారు. అక్కడికి మెట్రో లేదు. టికెట్ మీద ఆఖరి స్టేషన్ పేరు చదవకుండా ఎక్కి, దిగాక బిక్కమొహం వేసేవాళ్లు ఎందరో. పండగ రద్దీలో ప్రైవేటు బస్సు కంటే ఆర్టీసీయే మేలంటాను. సీటు కాస్త ఇరుకైనా ఎంజీబీఎస్ బస్టాండ్ లోపల దింపుతుంది. ప్రైవేటు బస్సువాడు ఎల్బీనగర్‌లోనో మియాపూర్‌లోనో రోడ్డు పక్కన దింపి వెళ్లిపోతాడు.

దిగాక

చీకట్లో దిగితే స్టేషన్ దాటొద్దు. వెయిటింగ్ హాల్లో కూర్చోండి. ఆరింటికి మెట్రో మొదలవుతుంది, ఆ లోపు సిటీ బస్సులూ కదులుతాయి. రెండు గంటలు కునికిపాట్లు పడితే పోయేదేమీ లేదు.

ఇక అసలు సంగతి. నేను చూసినవాటిలో, విన్నవాటిలో అమ్మాయిల్ని ముంచింది ఎక్కువగా ఒక్కటే: తనంతట తానే వచ్చి పిలిచినవాడి వెంట వెళ్లడం. జనంలో మీరు చూసి ఒకర్ని ఎంచుకుని సాయం అడిగితే, ఆ మనిషి మామూలు మనిషే అయ్యుంటాడు. వాడే మీ దగ్గరికొచ్చాడంటే మిమ్మల్ని వాడు ఎంచుకున్నాడని అర్థం. ఒంటరిగా ఉన్నారనీ, రెండు బ్యాగులు మోస్తున్నారనీ, దారి తెలియక దిక్కులు చూస్తున్నారనీ గమనించే వచ్చాడు. అలా వచ్చేవాళ్లలో చాలామంది పాపం, గిరాకీ కోసం తిరిగే ఆటోవాళ్లే, నిజమే. కానీ ఎవడు ఏ రకమో మొహం చూసి చెప్పలేం.

వాడు మొదట మిమ్మల్ని ముట్టుకోడు, బ్యాగు హ్యాండిల్ పట్టుకుంటాడు. బ్యాగు ముందు పోతుంది, మీరు వెనక పోతారు. బ్యాగు వదలొద్దు. లాక్కుపోతే అరవండి, వెనక వెళ్లొద్దు. పోతే బట్టలూ అరిసెలే కదా.

బెంగళూరు, చెన్నై, ముంబైలలో ఇంకో ఎర ఉంటుంది: తెలుగు. 'ఏ ఊరమ్మా మీది? మాదీ అటేలే' అంటాడు. అంతే, మనవాడే అనుకుంటాం. భాష కలిసినంత మాత్రాన బండి ఎక్కొద్దు. తనంతట తానే వచ్చినవాడు తెలుగువాడైనా తనంతట తానే వచ్చినవాడే.

యాప్‌లో బుక్ చేశాం కదా అంటారా? 'క్యాన్సిల్ చేసేయండి మేడమ్, అదే రేటుకి తీసుకెళ్తా' అన్నాడంటే వాడూ ఆ గుంపులో చేరినట్టే. క్యాన్సిల్ చేశాక మీరు ఏ బండిలో ఉన్నారో యాప్‌కి తెలియదు. ఓ యాభై రూపాయలు మిగులుతాయని ఆ ఆనవాలు చెరుపుకోవద్దు. బండి పాడైనా ఇంతే. దిశ కేసులో, 2019 నవంబర్‌లో శంషాబాద్ టోల్‌గేటు దగ్గర డాక్టరమ్మ స్కూటీ టైరు గాలి తీసినవాళ్లే సాయం చేస్తామని వచ్చారన్నది పోలీసుల మాట.

మిగతావి వరసగా చెప్తున్నా.

నంబరు ప్లేటు చూడకుండా ఎక్కొద్దు. యాప్‌లో ఒక నంబరు, బండికి ఇంకో నంబరు ఉంటే ఏ కథ చెప్పినా ఎక్కొద్దు. బుకింగ్ ఎవరి పేరు మీదో మీరు చెప్పొద్దు, వాడినే అడగండి. ముందు సీట్లో 'మా తమ్ముడు' ఉంటే ఎక్కొద్దు. మధ్యలో ఇంకొకర్ని ఎక్కించుకుంటే దిగిపోండి, వెలుతురున్న చోట. 'మొదటిసారా సిటీకి?' అంటే కాదనండి. అబద్ధమే, ఆడండి. హాస్టల్ గేటు దాకా కాదు, రెండిళ్ల ముందే దిగండి. లాడ్జిలో దిగితే, రిసెప్షన్‌లో రూమ్ నంబరు గట్టిగా చదివితే వేరే రూమ్ అడగండి. బోగీ ఖాళీ అవుతుంటే జనమున్న బోగీలోకి మారండి. రైల్లో ఇబ్బందైతే 139, ఎక్కడైనా 112. ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో పవర్ బటన్ ఐదుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ కాల్ వెళ్తుంది, అది ఇంట్లోనే సెట్ చేసుకుని బయల్దేరండి. 'ఇది మా పరిధి కాదు' అని ఏ పోలీస్ స్టేషన్‌లో అన్నా లేవొద్దు, జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా రాసే ఎఫ్ఐఆర్) రాయమనండి, రాయాల్సిందే. మొహమాటపడొద్దు. అన్నా అని పిలిచి వద్దు చెప్పక్కర్లేదు, వద్దు చాలు. రెండోసారి అడిగితే జవాబే చెప్పొద్దు, నడవండి. మళ్లీ చెప్తున్నా, తనంతట తానే వచ్చినవాడి బండి ఎక్కొద్దు. వర్షం పడుతున్నా, ఇంటర్వ్యూకి ఆలస్యమవుతున్నా ఎక్కొద్దు.

నాన్నలకొక మాట. 'చేరాక ఫోన్ చెయ్యమ్మా' అని పడుకోవద్దు. రైలు దిగే టైముకి అలారం పెట్టుకుని మీరే ఫోన్ చేయండి. బండి నంబరు అడిగి కాగితం మీద రాసుకుని, ఆమె గదిలోకెళ్లి గడియ పెట్టుకునేదాకా లైన్లోనే ఉండండి.