అన్నీ పోస్టులుగానే వేస్తే వెబ్‌సైట్‌లో వచ్చే చిక్కులు

ఒడిశాలోని బరంపురంలో మా తెలుగు సంఘం వెబ్‌సైట్ పని నేనే చూస్తాను. సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో ఉంది. మొదట్లో ఉగాది సభ, గుడి వివరాలు, పిల్లల తెలుగు తరగతులు అన్నీ పోస్టులుగానే, అంటే తేదీ వరుసలో వచ్చే మామూలు రాతలుగానే వేశాం. చిక్కులు అక్కడే మొదలయ్యాయి.

సమస్య: అయిపోయిన సభ పైన కనబడుతుంది, రాబోయే సభ ఎక్కడో కింద ఉంటుంది.
కారణం: పోస్టులు ప్రచురించిన తేదీ వరుసలో వస్తాయి. సభ తేదీ మేటర్ మధ్యలో రాస్తే సైట్‌కి అది తేదీ అని తెలియదు.
పరిష్కారం: ‘కార్యక్రమం’ అని విడిగా ఒక కంటెంట్ టైప్ (పోస్టులకు వేరుగా ఉండే సమాచార రకం) పెట్టండి. 2010లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 3.0 వెర్షన్ నుంచి ఈ సదుపాయం చక్కగా ఉంది. తేదీకి, వేదికకి వేరు ఫీల్డులు (విడిగా నింపే గళ్లు) ఇవ్వండి. 2027 ఏప్రిల్ 1న ఉత్కళ దివస్ (ఒడిశా అవతరణ దినం) సభ అయితే 20270401 అని ఏడాది, నెల, రోజు వరుసలో దాచాలి. అప్పుడే వరుస సరిగ్గా కుదురుతుంది.

సమస్య: మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర పాత ఫొటోలు, తేదీలు పోయాయి.
ఇది నన్ను చాలా బాధపెట్టింది. యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ అదే పోస్టుని దిద్దేవాళ్లం, పాతది చెరిగిపోయేది. యాత్ర వేరు, ఆ ఏడు జరిగిన యాత్ర వేరు అని మాకు తట్టలేదు. ఇప్పుడు ‘పండుగ’ అనే టైప్‌లో ఆచారాలు, చరిత్ర ఒక్కసారే రాసి ఉంచాం. జరిగిన ప్రతిసారీ కొత్త ‘కార్యక్రమం’ వేసి, దాన్ని ఆ పండుగకి కలుపుతాం. టైపులు ఏర్పాటు చేసే ముందు కాగితం మీద గీసుకోవాల్సింది ఈ బంధాలనే.

సమస్య: ఒకే ఊరి పేరుతో వెతికితే సగమే దొరుకుతున్నాయి.
కారణం: ఒకరు బరంపురం అని, ఇంకొకరు బ్రహ్మపుర్ అని, మరొకరు బెర్హంపూర్ అని టైప్ చేశారు. పర్లాకిమిడికీ ఇదే గతి.
పరిష్కారం: ఊరి పేరు టైప్ చేయనివ్వకండి. ‘ఊరు’ అని ఒక ట్యాక్సానమీ (వర్గీకరణ జాబితా) చేసి, జాబితాలోంచి ఎంచుకోనివ్వండి.

సమస్య: కొత్త టైప్ పేజీలు తెరిస్తే 404, అంటే పేజీ దొరకలేదు అని వస్తోంది.
సెట్టింగ్స్‌లో పర్మాలింక్స్ (పేజీల లింకుల అమరిక) తెరిచి, ఏమీ మార్చకుండా సేవ్ నొక్కండి. చాలాసార్లు అంతే.

సమస్య: థీమ్ (సైట్ రూపం) మార్చగానే కార్యక్రమాలన్నీ మాయం.
టెన్షన్ వద్దు, డేటా డేటాబేస్‌లోనే ఉంది. టైప్‌ని నమోదు చేసే కోడ్ పాత థీమ్‌లో ఉండిపోయింది. దాన్ని థీమ్‌తో సంబంధం లేని చిన్న ప్లగిన్‌గా (సైట్‌కి జోడించే విడి ప్రోగ్రాం) పెట్టండి. టైప్‌కి లోపల పెట్టిన పేరు మాత్రం మార్చవద్దు, మారిస్తే మళ్లీ ఇదే కథ.

ప్రతిదానికీ టైప్ చేయాలనీ లేదు. వార్తలు, అభినందనలు, సంతాపాలు మూడింటికీ ఫీల్డులు ఒకటే కాబట్టి మేం వాటిని పోస్టుల్లోనే ఉంచి, కేటగిరీలతో విడదీశాం.